ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు... మరి మణికట్టు నొప్పి ఎందుకు తగ్గలేదు?

పడబోయే మనిషి ముందుగా చాచేది చేతిని. ఇది మనం ఆలోచించి చేసే పని కాదు. తల, ముఖం నేలకి కొట్టుకోకుండా ప్రకృతి మనకిచ్చిన రక్షణ అది. బావిగట్టు మీద కాలు జారినా, మిరపచేలోకి వెడుతూ మోటారు సైకిలు మీంచి పడినా, తడి అరుగు మీద అడుగు తప్పినా, ఒంటి బరువంతా చాచిన అరచేతి మీద పడుతుంది. ఆ దెబ్బని భరించవలసింది మణికట్టు.

పుల్లలచెరువు లాంటి ఊళ్ళో ఇటువంటి దెబ్బ తగిలినప్పుడు ఏం జరుగుతుందో మీకు తెలియనిది కాదు. "బెణికింది, అంతే!" అంటారు ఒకరు. చింతపండూ ఉప్పూ ఉడికించి పట్టు వెయ్యమంటారు మరొకరు. వేళ్ళు లాగి నరం సరిచేస్తానని ఇంకొకరు ముందుకొస్తారు. నాలుగు రోజులు చూసి, నొప్పి తగ్గకపోతే బస్సెక్కి యర్రగొండపాలెమో, మార్కాపురమో వెళ్ళి ఫొటో తీయిస్తారు. "ఫొటోలో ఏమీ లేదు" అన్న మాట చెవిన పడగానే మనస్సు కుదుటపడుతుంది. ఇంటికి వచ్చి మళ్ళీ పలుగూ పారా పట్టుకుంటారు.

చిక్కంతా ఇక్కడే వస్తుంది. "ఎక్స్‌రేలో ఏమీ కనిపించలేదు" అనడం వేరు, "ఎముక విరగలేదు" అనడం వేరు. మణికట్టు విషయంలో ఈ రెండింటికీ మధ్య ఉన్న తేడా తెలుసుకోకపోతే, రెండు మూడు నెలల్లో మానవలసిన దెబ్బ జీవితాంతం వేధించవచ్చు. చేతిపని మీద బతికే మనిషికి మణికట్టు పోవడమంటే బతుకుతెరువు పోవడమే. అందుచేత ఈ వారం మణికట్టు దెబ్బలను, జబ్బులను ఎక్స్‌రేలో, స్కానింగుల్లో ఎలా గుర్తిస్తారో తెలుసుకుందాం. మీ ఫిల్మును మీరే చదువుకుని వైద్యం చేసుకోవాలని కాదు. డాక్టరుగారిని ఏమడగాలో మీకు తెలియాలని.

మణికట్టులో ఏముంది?

మోచేతి నుంచి వచ్చే రెండు పొడుగాటి ఎముకలు మణికట్టు దగ్గర ముగుస్తాయి. బొటనవేలి వైపు ఉన్నది రత్ని, చిటికెనవేలి వైపు ఉన్నది అరత్ని. వాటికీ అరచేతి ఎముకలకీ నడుమ, గులకరాళ్ళు పేర్చినట్టుగా 8 చిన్న ఎముకలు రెండు వరసల్లో ఉంటాయి. వీటిలో రెండింటి పేర్లు గుర్తుంచుకుంటే చాలు. బొటనవేలి వైపున పడవ ఆకారంలో ఉండేది స్కాఫాయిడ్. దాన్ని పడవ ఎముక అందాం. దాని పక్కనే నెలవంకలా ఉండేది లూనేట్. దాన్ని చంద్రవంక ఎముక అందాం. మణికట్టులో పెద్ద ప్రమాదాలు చాలావరకు ఈ రెండింటి చుట్టూనే తిరుగుతాయి.

ఎక్స్‌రే అంటే నీడ

1895 నవంబరు 8న జర్మనీలోని వుర్జ్‌బర్గ్ నగరంలో రాంట్‌జెన్ అనే శాస్త్రజ్ఞుడు ఈ కిరణాలను కనుక్కున్నాడు. ఆ డిసెంబరు 22న తన భార్య చేతిని ఫొటో తీశాడు. వేలికి ఉంగరంతో సహా ఎముకలు కనిపించే ఆ ఫొటో లోకమంతా తిరిగింది. అంటే ఎక్స్‌రే పేరు తెచ్చుకున్నదే చేతి ఎముకలతో అన్నమాట.

అయితే ఎక్స్‌రే ఫొటో ఎముక బొమ్మ కాదు, ఎముక నీడ. పాత తలుపు చెక్కలో సన్నటి చీలిక ఉందనుకోండి. దానికి సరిగ్గా ఎదురుగా నిలబడితే అవతలి వెలుతురు గీతలా కనిపిస్తుంది. ఒక్క అడుగు పక్కకి జరిగితే కనిపించదు. చీలిక ఎక్కడికీ పోలేదు, మీరు చూసే కోణం మారిందంతే. ఎముకలోని పగులు కూడా ఇంతే. కిరణం దాని వెంట సూటిగా పోతేనే నల్లటి గీతలా పడుతుంది.

అందుకే మణికట్టుకి ఒక్క ఫొటో చాలదు. అరచెయ్యి బల్ల మీద ఆనించి తీసేది ఒకటి, చేతిని నిలువుగా పక్కకి తిప్పి తీసేది ఒకటి, ఈ రెండూ తప్పనిసరి. దెబ్బ తగిలిందంటే ఏటవాలుగా ఇంకొకటి కూడా తీస్తారు. పడవ ఎముక మీద అనుమానముంటే, చేతిని చిటికెనవేలి వైపు వంచి ప్రత్యేకంగా మరొకటి తీయాలి. అలా వంచినప్పుడు ముడుచుకుని ఉన్న ఆ ఎముక నిడివిగా పరుచుకుని కనిపిస్తుంది.

ఫిల్మును ఎలా చూస్తారు?

డాక్టరుగారు ఫిల్మును వెలుతురుకి పెట్టి చూసేటప్పుడు మీరూ చూడండి. ముందు చూడవలసింది ఎముక కాదు. పేరు, తేదీ, కుడిచెయ్యా ఎడమచెయ్యా అన్న గుర్తు. ఆ తరవాత ప్రతి ఎముక అంచునూ పొలంగట్టు మీద నడిచినట్టు కంటితో చుట్టిరావాలి. గట్టు ఎక్కడ తెగినా, ఎక్కడ మెట్టులా ఎత్తుపల్లం కనిపించినా అక్కడ పగులు ఉండవచ్చు.

తరవాత వరసలు. చిన్న ఎముకల అంచులను కలుపుకుంటూ పోతే మూడు చక్కటి వంపు గీతలు ఏర్పడాలి. గిలూలా అనే అమెరికా రేడియాలజిస్టు 1979లో చెప్పిన సూత్రమిది. గీత తెగిందంటే ఏదో ఎముక తన చోటు తప్పిందన్నమాట. ఎముకల మధ్య సందులు కూడా దాదాపు సమానంగా ఉండాలి. పడవ ఎముకకీ చంద్రవంక ఎముకకీ నడుమ సందు 3 మిల్లీమీటర్లు మించితే, వాటిని కట్టి ఉంచే బంధనం తెగిందేమోనని అనుమానించాలి. ముందుపళ్ళ మధ్య సందులా కనిపించే ఈ గుర్తుకి, పళ్ళసందుతో ప్రసిద్ధుడైన టెర్రీ థామస్ అనే బ్రిటిష్ హాస్యనటుడి పేరు పెట్టారు వైద్యులు!

ఇక పక్కనుంచి తీసిన ఫొటో. ఇందులో రత్ని కొసన ఉన్న గుంటలో చంద్రవంక ఎముక, దాని గుంటలో మరో ఎముక, గిన్నెలో గిన్నె పెట్టినట్టు ఒకే వరసలో కూర్చోవాలి. గట్టి దెబ్బకి చంద్రవంక ఎముక అరచేతి వైపు జారితే, ఒలికిన టీ కప్పులా పక్కకి ఒరిగి కనిపిస్తుంది. ఎదురుగా తీసిన ఫొటోలో ఇది అంత తేలికగా పట్టుబడదు. నాలుగింట ఒకటి మొదటిసారి గుర్తించకుండా పోతుందని అనుభవజ్ఞులైన సర్జన్లే చెబుతారు. మోటారు సైకిలు ప్రమాదంలోనో, చెట్టు మీంచి పడడం వల్లో మణికట్టు బాగా వాచి, వేళ్ళు తిమ్మిరెక్కి, ముడవడానికి రాకపోతే పక్క ఫొటో తీశారా లేదా అని తప్పక అడగండి. ఇది గంటల్లో సరిచెయ్యవలసిన దెబ్బ.

నశ్యం గుంటలో దాగిన పగులు

మీ బొటనవేలిని బాగా పైకి చాచి చూడండి. దాని మొదట్లో, మణికట్టు పక్కన, రెండు స్నాయువుల నడుమ ఒక చిన్న గుంట పడుతుంది. నశ్యం పీల్చే అలవాటున్నవాళ్ళు చిటికెడు పొడి పోసుకునేది అక్కడే. ఇంగ్లీషు వైద్యులు కూడా దాన్ని నశ్యం డబ్బీ అనే పిలుస్తారు. ఆ గుంట అడుగున ఉన్నదే పడవ ఎముక.

చెయ్యి ఆనించి పడ్డాక ఆ గుంటలో వేలితో నొక్కితే చురుక్కుమని నొప్పి పుట్టిందా? అయితే అది బెణుకు అనుకోకండి. పడవ ఎముక పగిలిందనే అనుకోవాలి. మణికట్టు చిన్న ఎముకల్లో అన్నిటికంటే ఎక్కువగా విరిగేది ఇదే. 15 నుంచి 30 ఏళ్ళ లోపు మగవాళ్ళలో ఎక్కువ. చిత్రమేమిటంటే వాపు పెద్దగా ఉండదు, చెయ్యి వంకర పోదు. మనిషి తన పని తాను చేసుకుంటూనే ఉంటాడు.

ఇంతకంటే చిత్రమైనది ఇంకొకటి. విరిగిన మొదటిరోజు తీసిన ఎక్స్‌రేలో నూటికి 10 నుంచి 20 మందికి ఈ పగులు కనిపించదు. పగులు అంచులు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి కాబట్టి వెలుతురు దూరే సందు ఉండదు. 10 నుంచి 14 రోజులు గడిచేసరికి, మానడంలో భాగంగా పగులు అంచుల్లోని ఎముక కొంత కరుగుతుంది. అప్పుడు గీత తేటపడుతుంది. అందుచేత గుంటలో నొప్పి ఉంటే ఫొటో బాగున్నా బొటనవేలితో కలిపి కట్టు వేసి, రెండు వారాల తరవాత మళ్ళీ ఫొటో తీస్తారు. ఎం.ఆర్.ఐ. స్కానింగు అందుబాటులో ఉంటే అన్నాళ్ళు ఆగనక్కరలేదు. ఎక్స్‌రేకి చిక్కని పగులును అది మొదటి రోజుల్లోనే పట్టిస్తుంది.

ఇంత జాగ్రత్త దేనికి? ఈ ఎముకకి రక్తం వచ్చే దారి తలకిందులుగా ఉంటుంది. వేళ్ళ వైపు నుంచి ప్రవేశించి వెనక్కి, మోచేతి వైపు కొసకి పారుతుంది. నడుమ విరిగితే ఆ వెనక ముక్కకి నీరందదు. కాలువ తెగితే చివరి మడి ఎండినట్టు ఆ ముక్క ఎండిపోవచ్చు. ఎండిన ముక్క ఎక్స్‌రేలో చుట్టూ ఉన్న ఎముకలకంటే తెల్లగా కనిపిస్తుంది. ఎముక అతకకపోతే కొన్నేళ్ళకి కీలు అరిగి మణికట్టు బిగుసుకుపోతుంది. అప్పుడు గడ్డపార కాదు, నీళ్ళ బిందె ఎత్తడం కూడా కష్టమే. సకాలంలో గుర్తిస్తే 6 నుంచి 12 వారాల కట్టుతో చాలామందికి నయమవుతుంది. కొందరికి చిన్న స్క్రూ వెయ్యవలసి రావచ్చు.

రెండోసారి ఫొటోకి రమ్మంటే "ఒకసారి తీశాం కదా, మళ్ళీ బస్సు ఖర్చా!" అనుకోకండి. ఆ రెండో ప్రయాణమే మీ చేతిని నిలబెట్టేది.

ఇంట్లో పెద్దవాళ్ళు పడితే

ముట్లుడిగిన స్త్రీలలో మణికట్టు దెబ్బ తీరు వేరు. రత్ని ఎముక కొసకి ఒక అంగుళం ఇవతల విరిగి, చెయ్యి వెనక్కి లేస్తుంది. పక్కనుంచి చూస్తే బోర్లించిన గరిటెలా వంపు తిరిగి ఉంటుంది. డబ్లిన్ సర్జన్ ఏబ్రహాం కోలిస్ 1814లోనే దీన్ని వర్ణించాడు. అప్పటికి ఎక్స్‌రే పుట్టడానికి ఇంకా 81 ఏళ్ళుంది! కేవలం చూపుతో, చేతివేళ్ళతో కనిపెట్టాడన్నమాట.

చూడగానే తెలిసే ఈ విరుపుకి మళ్ళీ ఎక్స్‌రే ఎందుకని అడగవచ్చు. విరుపు కీలులోకి పాకిందా, ఎముక ఎన్ని ముక్కలైంది, ఎంత కుంగింది అన్నవి ఫొటోలోనే తెలుస్తాయి. కట్టుతో సరిపోతుందా, ప్లేటు వెయ్యాలా అన్న నిర్ణయం వాటినిబట్టే ఉంటుంది. కీలులోకి పాకితే సి.టి. స్కానింగు కూడా అవసరం కావచ్చు. సరిచేసి పిండికట్టు వేశాక వెంటనే ఒక ఫొటో, వారం పది రోజులకి మరొకటి తీయాలి. వాపు తగ్గి కట్టు వదులైనప్పుడు ఎముక మళ్ళీ జారిపోవచ్చు.

ఇంకొక మాట. నిలుచున్నచోట జారిపడినంత మాత్రాన మీ అమ్మగారికో అత్తగారికో మణికట్టు విరిగితే, అది చెయ్యి సంగతే కాదు. ఒంట్లోని ఎముకలన్నీ గుల్లబారుతున్నాయేమోనని అది చేసే హెచ్చరిక. ఎముక సాంద్రత పరీక్ష, కాల్షియం, డి విటమిను సంగతి డాక్టరుగారిని అడగండి. రేపు తుంటి విరగకుండా కాపాడుకునే అవకాశం ఈ మణికట్టు ఇచ్చిందనుకోవాలి.

పిల్లల ఎముక పచ్చికొమ్మ

ఎండుకొమ్మ ఫెళ్ళున విరుగుతుంది. పచ్చికొమ్మ వంగి, ఒక పక్కే చీలుతుంది. పిల్లల ఎముక పచ్చికొమ్మ. చెట్టెక్కి పడిన పిల్లవాడి ఫొటోలో పగులు గీత కనిపించకుండా, ఎముక అంచు కొంచెం ఉబ్బినట్టు మాత్రమే ఉండవచ్చు. అదీ విరుపే, కాని తేలికగా మానుతుంది.

పిల్లల ఎముక కొసల దగ్గర అడ్డంగా నల్లటి గీత కనిపిస్తే కంగారు పడకండి. అది పగులు కాదు, ఎముక పెరిగే మృదులాస్థి పొర. కాని దెబ్బ ఆ పొరకే తగిలితే జాగ్రత్తగా చూడాలి. సరిగా కుదరకపోతే చెయ్యి పొట్టిగానో వంకరగానో పెరగవచ్చు. అనుమానం తీరకపోతే బాగున్న చేతికి కూడా ఫొటో తీసి పోల్చి చూస్తారు. దెబ్బేమీ లేకుండా పిల్లల మణికట్లు రెండూ లావెక్కితే, ఎక్స్‌రేలో ఎముక కొసలు గిన్నెలా గుంటపడి, అరిగిన చీపురులా పీచులుగా కనిపిస్తే, అది రికెట్స్ అన్న జబ్బు. చాలావరకు డి విటమిను, కాల్షియం లోపం వల్ల వచ్చేది ఇదే.

దెబ్బ లేకుండా వచ్చే నొప్పి

పడకపోయినా మణికట్టు నొప్పి పుడుతోందా? అప్పుడు వెతకవలసినవి వేరు.

పొద్దున లేవగానే రెండు మణికట్లూ గంటకు పైగా బిగదీసుకుని ఉంటే కీళ్ళవాతమేమో చూడాలి. మొదట్లో ఎక్స్‌రే మామూలుగానే ఉండవచ్చు. తరవాత కీలు సందు ఇరుకై, ఎముక అంచులు పురుగు కొరికినట్టు తినేసి ఉంటాయి. అంచులు పోకముందే మందులు మొదలుపెట్టాలి కాబట్టి ఫొటో చెడేదాకా కాచుకు కూర్చోకూడదు. రక్తపరీక్షలు, అల్ట్రాసౌండు తొలిదశలోనే దారి చూపిస్తాయి. ఒక్క మణికట్టే నెలల తరబడి మెల్లగా వాచి, సాయంకాలం జ్వరం, బరువు తగ్గడం తోడైతే ఎముకల క్షయ సంగతి మరిచిపోకూడదు.

బడిపిల్లల పలకలకి పేరుపడ్డ మార్కాపురంలో, చుట్టుపక్కల రాతి గనుల్లో, చేతులతో బరువైన పని చేసే యువకులు ఎందరో. అటువంటివారిలో మణికట్టు నడుమ నెలల తరబడి నొప్పి ఉండి, పట్టు తగ్గిపోతుంటే చంద్రవంక ఎముకకి రక్తం అందడం లేదేమో చూడాలి. వియన్నా రేడియాలజిస్టు కీన్‌బాక్ 1910లో వర్ణించిన జబ్బు ఇది. తొలిదశలో ఎక్స్‌రేకి దొరకదు, ఎం.ఆర్.ఐ.లోనే తెలుస్తుంది. ముదిరితే ఆ ఎముక తెల్లబడి, కుంగి, చితికిపోతుంది.

మరికొన్ని జబ్బులు ఎక్స్‌రేకి అసలు చిక్కవు. చంటిపిల్లను ఎత్తుకునే తల్లికి బొటనవేలి మొదట్లో నొప్పి రావడం మీరు చూసే ఉంటారు. బొటనవేలిని పిడికిట్లో పెట్టి చెయ్యి చిటికెనవేలి వైపు వంచితే ప్రాణం లేచివస్తుంది. స్విస్ సర్జన్ డీ కెర్వాన్ దీన్ని వర్ణించింది కూడా 1895లోనే. కాని ఆ ఏడే పుట్టిన ఎక్స్‌రేకి ఈ జబ్బు కనిపించదు! స్నాయువు తొడుగు వాపు అది, అల్ట్రాసౌండులో తెలుస్తుంది. రాత్రిపూట బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు తిమ్మిరెక్కి, చెయ్యి విదిలిస్తే తగ్గుతుంటే అది మణికట్టులో నరం నొక్కుకుపోవడం. షుగరు, థైరాయిడు జబ్బులున్నవాళ్ళలో, గర్భిణులలో ఎక్కువ. దానికి నరాల పరీక్ష కావాలి. మణికట్టు మీద నిమ్మకాయలా పెరిగే మెత్తటి గడ్డ కూడా అల్ట్రాసౌండుకి తేలికగా దొరుకుతుంది.

ఈ ప్రాంతపు ఎముకలు చెప్పే మరో కథ

ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి పల్లెల నుంచి వచ్చే ఎక్స్‌రేలలో ప్రత్యేకంగా చూడవలసినది ఒకటుంది. మణికట్టు పైన, రత్నికీ అరత్నికీ నడుమ ఒక పలుచటి పొర ఉంటుంది. మామూలుగా అది ఎక్స్‌రేలో కనిపించదు. తాగేనీటిలో ఫ్లోరైడు ఎక్కువగా ఉన్న ఊళ్ళలో ఏళ్ళ తరబడి ఉన్నవారికి ఆ పొరలో సున్నం చేరి, ఎముక పక్కన ముళ్ళలా, రంపపు పళ్ళలా తెల్లగా కనిపిస్తుంది. ఎముకలు కూడా మామూలుకంటే తెల్లగా, చిక్కగా ఉంటాయి.

ఈ జబ్బును మన దేశంలో మొదట ఎముకల్లో గుర్తించింది ఈ నేలమీదే. 1937లో షార్ట్, మెక్‌రాబర్ట్, బర్నార్డ్, మన్నాడి నాయర్ అనే వైద్యులు మద్రాసు రాజధానిలోని ఫ్లోరోసిస్ గురించి రాసిన వ్యాసంలో చెప్పింది అప్పటి నెల్లూరు జిల్లా రోగుల సంగతి. అప్పట్లో దర్శి, పొదిలి, కనిగిరి ఆ జిల్లాలో ఉండేవి. మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలో ఉండేవి. 1970లో ఇవన్నీ కలిసి ఒక జిల్లా అయ్యాయి. జిల్లాల పేర్లు మారినా బోరుబావుల నీటిలో ఫ్లోరైడు బెడద చాలా పల్లెలను వదలలేదు.

ఎముక తెల్లగా, చిక్కగా ఉంటే బలంగా ఉన్నట్టే కదా అనుకుంటారేమో! కాదు. 1990లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు, ఎముకలు గుల్లబారిన స్త్రీలకు ఫ్లోరైడునే మందుగా ఇచ్చి చూసిన ఫలితాలు ప్రకటించారు. 4 ఏళ్ళలో నడుము దగ్గర వెన్నెముక సాంద్రత నూటికి 35 వంతులు పెరిగింది. కాని వెన్నుపూసల విరుపులు చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు, చేతులు కాళ్ళ వంటి చోట్ల విరుపులు పెరిగాయి. చిక్కదనం వేరు, గట్టిదనం వేరు అన్నమాట. ఇక్కడివారి ఎముక సాంద్రత పరీక్ష బాగున్నట్టు చూపించినా పూర్తిగా నమ్మడానికి లేదు.

అందుచేత ఎక్స్‌రే తీయించుకునేటప్పుడు మీ ఊరు పేరు, ఎన్నేళ్ళుగా ఏ నీళ్ళు తాగుతున్నారో డాక్టరుగారికి చెప్పండి. ముంజేయి కూడా కొంత మేర ఫొటోలో పడేలా చూడమని అడగండి. ఫ్లోరోసిస్ గుర్తులు కనిపిస్తే వెన్నెముకను కూడా పరీక్షిస్తారు. మన దేశపు ప్రమాణం ప్రకారం తాగేనీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదు. వేరే నీరు లేనిచోట 1.5 దాకా ఒప్పుకుంటారు. మీ మణికట్టు ఫొటో మీ ఇంటిల్లిపాదీ తాగే నీటి మీద ఇచ్చిన సాక్ష్యం కావచ్చు. ఆ సాక్ష్యం విని, బోరునీళ్ళకి పరీక్ష చేయించండి.

కట్టు కట్టించే ముందు

పుత్తూరు కట్టు పేరు వినని తెలుగువారుండరు. ప్రతి ప్రాంతంలోనూ ఎముకలు కట్టేవారున్నారు, వారిమీద జనానికి నమ్మకముంది. ఎవరి దగ్గరికి వెళ్ళినా సరే, ముందు ఎక్స్‌రే తీయించండి. ఏ ఎముక, ఎక్కడ, ఎలా విరిగిందో తెలియకుండా లాగడం, తోమడం, తైలం పట్టించడం ప్రమాదం. జారిన చంద్రవంక ఎముకనో, పగిలిన పడవ ఎముకనో బయటినుంచి తడిమి చెప్పడం ఎవరి తరమూ కాదు.

ఎవరు కట్టిన కట్టయినా బిగుతు కాకూడదు. కట్టు కట్టాక వేళ్ళు పాలిపోయినా, నీలంగా మారినా, మొద్దుబారినా, నొప్పి గంటగంటకీ పెరుగుతున్నా, వేళ్ళను మెల్లగా చాచితే భరించలేనంత బాధ కలిగినా కట్టు వెంటనే విప్పించి ఆస్పత్రికి పరుగెత్తండి. తెల్లవారాక చూద్దాం అనుకోకండి. రక్తం అందక కండరాలు చచ్చిపోతే చెయ్యి పక్షి గోరులా ముడుచుకుపోతుంది. పిల్లల విషయంలో మరీ జాగ్రత్త.

ఇవి గుర్తుంచుకోండి

దెబ్బ తగిలిన వెంటనే గాజులు, ఉంగరాలు, ముంజేతి దారాలు తీసెయ్యండి. వాపు పెరిగాక అవి దిగవు, రక్తాన్ని ఆపుతాయి. పైగా ఎక్స్‌రేలో గాజు నీడ పగులు మీద పడితే ఫొటో పనికిరాదు.

మడిచిన దినపత్రికనో అట్టముక్కనో ముంజేతి కింద పెట్టి వదులుగా చుట్టి, తువ్వాలుతో మెడకి వేలాడదియ్యండి. పుండు పడి ఎముక కనిపిస్తుంటే శుభ్రమైన గుడ్డ కప్పి వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళండి.

నొప్పి ఎక్కడుందో ఒక్క వేలితో చూపించండి. "చెయ్యంతా నొప్పి" అంటే డాక్టరుగారికి ఎక్కడ వెతకాలో తెలియదు.

ఫిల్మును, రిపోర్టును పారెయ్యకండి. రెండోసారి తీసినదాన్ని మొదటిదానితో పోల్చి చూడాలి. సెల్‌ఫోనులో ఫిల్మును ఫొటో తీసి పంపి సలహా అడగడం ఇప్పుడు మామూలైపోయింది. వెంట్రుక వాసి పగులు ఆ చిన్న బొమ్మలో మాయమవుతుంది. వీలైతే అసలు ఫిల్మునే చూపించండి.

మణికట్టు ఎక్స్‌రేలో శరీరానికి తగిలే కిరణాలు బహు స్వల్పం. ఒక్క రోజులో ప్రకృతి నుంచి మనకి తగిలేదానికంటే తక్కువ. కాబట్టి రెండోసారి తీయించుకోవడానికి భయపడనక్కరలేదు. గర్భవతులైతే ముందుగా చెప్పండి. ఎం.ఆర్.ఐ.కి వెళ్ళేటప్పుడు గుండెకి పేస్‌మేకరు గాని, ఒంట్లో లోహపు ముక్కలు గాని ఉంటే చెప్పడం మరిచిపోకండి.

చివరిగా ఒక మాట. యంత్రం ఎంత గొప్పదైనా అది చూపించేది ఆ క్షణంలో పడిన నీడనే. రెండు వారాలైనా తగ్గని నొప్పి, నశ్యం గుంటలో వేలు పెడితే చురుక్కుమనే బాధ, పట్టు సడలిన పిడికిలి, ఇవి ఫిల్ముకంటే తక్కువ సాక్ష్యాలు కావు. "ఫొటోలో ఏమీ లేదన్నారు" అని ఊరుకోకుండా, "నొప్పి ఇంకా ఉంది, మళ్ళీ చూడండి" అని అడగండి. అలా అడగడం డాక్టరుగారిని తప్పుపట్టడం కాదు, ఆయనకి సాయం చెయ్యడం.